ఆ పదమూడు శాతం దేని మీద బాబూ?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో ఉద్యోగాల పేజీ నేను ప్రతి వారం చూస్తుంటా. నాకు ఉద్యోగం కోసం కాదులెండి, మా ఏజెన్సీలో బిల్లింగ్ కి, అకౌంట్స్ కి ఏడాదికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు కావాలి, వచ్చే పిల్లలు ఏం ప్రిపేరై వస్తున్నారో తెలుస్తుందని చూస్తా. మాది ఏలూరు, సబ్బులు, బిస్కెట్లు, పేస్టుల డిస్ట్రిబ్యూషన్. వచ్చేవాళ్లంతా బీకాం, బీబీఏ, ఎంబీఏ పిల్లలే. డిగ్రీ మార్కులు 70 పైనే ఉంటాయి, రెజ్యూమేలో అందరికీ ఎక్సెల్ వచ్చు, అందరూ హార్డ్ వర్కర్లే.

నేను మార్కులు చూడటం మానేసి చాలా కాలం అయ్యింది. ఒక అరఠావు కాగితం ఇస్తా, దాంట్లో రెండే రెండు ఉంటాయి, ఒక స్కీమ్ లెటరూ (కంపెనీ ఇచ్చే ఆఫర్ రూల్స్ రాసి మాకు పంపే కాగితం), ఒక లెక్కా. అరగంట టైమ్, క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు, ఫోన్ కూడా తీసుకోనండి.

ముందు లెక్క గురించి చెప్తా. 2025 సెప్టెంబర్ 22 నుంచి మా సరుకులో చాలావాటికి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కదా, సబ్బులు, షాంపూ, పేస్టు, బిస్కెట్లు అన్నీనూ. పన్నుతో కలిపి 118 రూపాయలు ఉన్న ఐటమ్ కొత్త రేటు ఎంత అని అడుగుతా. పదిలో ఏడుగురు 18 లోంచి 5 తీసేసి, 13 శాతం తగ్గిందని, 118 మీద 13 శాతం కొట్టి 102 రూపాయల 66 పైసలు అని రాస్తారు. పైసలతో సహా చాలా నీట్ గా రాస్తారు. నేను మెల్లిగా, ఆ పదమూడు శాతం దేని మీద బాబూ అని అడిగితే, మొత్తం మీద సార్ అంటారు. పన్ను వేసింది వంద మీద, వంద మీద ఐదు వేస్తే 105, అంతే కదండీ. తేడా 2 రూపాయల 34 పైసలు. చిన్నదే అనిపిస్తుంది కానీ మా వ్యాపారంలో మార్జినే నూటికి నాలుగైదు రూపాయలు, ఆ రెండు రూపాయల చిల్లర పోతే సగం మార్జిన్ గాల్లో కలిసినట్టే.

వాళ్లని తప్పు పట్టే అర్హత నాకు పెద్దగా లేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన కొత్తలో నేనూ ఇదే చేశా, 1180 బిల్లులో 18 శాతం తీసేసి 967 రూపాయల 60 పైసలు అసలు ధర అని రెండు రోజులు ఖాతాలో రాసుకున్నా. మా గుమాస్తా గారు పదో తరగతి కూడా పాస్ కాలేదు, ఆయన చూసి, ఈ 967కి మళ్లీ 18 శాతం వేసి చూడండి 1180 వస్తుందేమో అన్నారు. రాలేదు. అప్పటిదాకా లెక్క తిప్పి చూసుకోవాలని నాకు తట్టనే లేదు. అంతమాత్రాన ఆ కాలం వాళ్లే గొప్ప అనడం లేదు, ఎందుకంటే అదే గుమాస్తా గారికి కంపెనీ నుంచి ఇంగ్లీషు మెయిల్ వస్తే పక్కనున్న కుర్రాడు చదివి చెప్పాల్సిందే.

ఇక చదవడం సంగతి, నాకు అసలు బాధంతా ఇక్కడే. నా స్కీమ్ లెటర్లో నాలుగే వాక్యాలు. 5వ తారీఖు నుంచి 20 లోపు వేసిన బిల్లులకి పది కేసులకి (కేసు అంటే సరుకు పెట్టె) ఒక కేసు ఫ్రీ. పది కేసులూ ఒకే బిల్లులో ఉండాలి. వేరే స్కీమ్ తో కలపకూడదు. క్లెయిమ్ వచ్చే నెల 7లోపు మాకు చేరాలి. ఇదంతే. క్లెయిమ్ అంటే మేం ఫ్రీగా ఇచ్చిన సరుకు డబ్బు కంపెనీని అడుగుతూ పంపేది. లెటర్ కింద ప్రశ్న, ఒక షాపు 18న ఆరు కేసులు, 19న నాలుగు కేసులు తీసుకుంది, ఎన్ని ఫ్రీ ఇవ్వాలి? ఎక్కువమంది ఒకటి అని రాస్తారు, ఆరూ నాలుగూ పది కాబట్టి. కానీ బిల్లులు రెండు, కాబట్టి జవాబు సున్నా. రెండో వాక్యం దాకా వాళ్ల కళ్లు వెళ్తాయి కానీ బుర్ర వెళ్లదు, అంకెలు కనపడగానే కూడికలోకి దూకేస్తారు.

ఇంగ్లీషు ప్రాబ్లమేమో అనుకుని ఒకసారి అదే లెటర్ తెలుగులో రాయించి ఇచ్చా. కొంతమంది నిజంగానే బాగుపడ్డారు, ఇంగ్లీషులో తడబడినవాళ్లు తెలుగులో టకటకా రాసేశారు. బ్యాంకు క్లర్కు పరీక్ష తెలుగులో కూడా పెట్టాలని 2021లో నిర్ణయించినప్పుడు ఎందుకీ గొడవ అనుకున్నా గానీ అది మంచి పనే అని ఆ రోజు అర్థమయ్యింది. కానీ మిగతావాళ్లు తెలుగులోనూ ఒకటి అనే రాశారండి. అది భాష లోపం కాదు మరి.

నాకు తెలిసి లోపం ఎక్కడంటే, ఈ పిల్లలకి పదేళ్లుగా నేర్పింది చదవడం కాదు, నాలుగు ఆప్షన్లలో ఏది కాదో కొట్టేయడం. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్ లో ఇంగ్లీషు 30 ప్రశ్నలకి 20 నిమిషాలు, అంటే ప్రశ్నకి 40 సెకన్లు, తప్పు రాస్తే పావు మార్కు కోత. ఆ స్పీడ్ కి కోచింగ్ లో చెప్పేది ఒకటే, పాసేజ్ వదిలెయ్ ముందు ప్రశ్న చూడు, ఆ పదం పాసేజ్ లో ఎక్కడుందో వెతుకు. పరీక్షకి అది కరెక్టే కావచ్చు, గోడౌన్లో ఆ లెటర్ కింద ప్రశ్నలు ఎవరూ ప్రింట్ చేసి ఇవ్వరు కదా. ఎంబీఏలో చేరడానికి ఐసెట్ అనే ఎంట్రన్స్ ఉంది, రెండున్నర గంటల్లో 200 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, ఓసీ వాళ్లకైనా 50 వస్తే క్వాలిఫై. ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు కదా, కళ్లు మూసుకుని గుర్తులు పెట్టుకుంటూ పోయినా సగటున వచ్చేది సరిగ్గా ఆ యాభయ్యే. ఇంటర్వ్యూకి వచ్చిన ఒక ఎంబీఏ అబ్బాయికి ఈ మాట చెప్తే నవ్వాడు కానీ ఎందుకు యాభై అనేది చెప్పలేకపోయాడు.

ఇది మా ఊరి గొడవే కాదు. ప్రథమ్ సంస్థ వాళ్లు 2023లో 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి అడిగిన అసర్ రిపోర్టు చదివా. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగింది నూటికి 43 మంది. తీసివేతలు వచ్చినవాళ్లలో కూడా డిస్కౌంట్ లెక్క కట్టగలిగింది సుమారు 37 మంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి దాని మీద ఉన్నది చదివి చెప్పమంటే, చదవడం వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మందే నాలుగిట్లో మూడైనా సరిగ్గా చెప్పారు. ఆ పిల్లలే ఇప్పుడు డిగ్రీలు చేత్తో పట్టుకుని వస్తున్నారు.

మా దగ్గర జరిగింది కూడా చెప్పాలి. క్లెయిమ్ 7లోపు చేరాలి అని రాసుంటే మా కుర్రాడు 7న సాయంత్రం కొరియర్ చేశాడు, పంపాలి అని అర్థం చేసుకున్నాడు పాపం. అది 9న చేరింది. 18,400 రూపాయలు కంపెనీ ఇవ్వలేదు, ఎంత బతిమాలినా లెటర్ చూడండి అన్నారు. వాడి జీతంలో కోయలేదు, ఆ లెటర్ నేనూ చదివి సంతకం పెట్టినవాడినే.

పోయిన ఏడాది ఒక అమ్మాయి వచ్చింది, బీకాం, బ్యాంకు ప్రిలిమ్స్ రెండుసార్లు పోయిందట. కాగితం తీసుకుని ఇరవై నిమిషాలు ఏమీ రాయలేదు, పెన్ను కూడా తెరవలేదు, నేను ఇక లాభం లేదనుకున్నా. చివర్లో లేచొచ్చి, "సార్, 18న వేసిన ఆరు కేసుల బిల్లు క్యాన్సిల్ చేసి 19న పదికీ ఒకే బిల్లు వేస్తే ఆ షాపు ఆయనకి ఒక కేసు వస్తుంది కదా, కంపెనీ ఒప్పుకుంటుందా?" అంది. కంపెనీ ఒప్పుకోదమ్మా అని చెప్పి, సోమవారం నుంచి రమ్మన్నా. వారం తిరక్కుండానే పదికి ఒకటి ఫ్రీ అంటే పది శాతం డిస్కౌంట్ కాదు, పదకొండులో ఒకటి కాబట్టి 9.09 అని మా సేల్స్ వాళ్లతో వాదన పెట్టుకుంది. సేల్స్ వాళ్లకి ఇప్పటికీ ఆమె అంటే కొంచెం కోపమే.

అందుకని మీకో విన్నపం. ఉద్యోగాల పేజీలో ప్లాట్ ఫారం దాటే రైళ్లూ, నిండే తొట్లూ ఎన్నాళ్లయినా వేసుకోండి, వద్దనను. వాటి పక్కన వారానికి ఒక్క నిజం బిల్లు, ఒక్క నిజం లెటర్ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేసి, ఆప్షన్లు లేకుండా రెండు ప్రశ్నలు అడగండి, జవాబు మర్నాడు వేయండి. లెటర్లకి కరువు లేదు, మా బీరువాలో ఎనిమిదేళ్లవి ఉన్నాయి, కంపెనీల పేర్లు కొట్టేసి జిరాక్స్ తీసి పంపిస్తా. 18,400 ది కూడా పంపిస్తా.

ఇట్లు
ఒక డిస్ట్రిబ్యూటర్, ఏలూరు