మట్టి లేని దిబ్బలపై మొక్కల పండుగ

సంపాదకులకు,

అయ్యా,

మెరకముడిదాం ప్రాంతంలోని పాత మాంగనీసు గనుల వ్యర్థాల దిబ్బలపై మొక్కలు నాటారన్న వార్తను, చెట్టంత మనుషులు పదిమంది జానెడు మొక్కను పట్టుకొని నిలబడిన ఫొటోతో సహా, గత వారం మీ జిల్లా పేజీలో చూశాను. ఆ దిబ్బలకు వనమహోత్సవం కొత్త కాదు. వెనుకటి మొక్కల గుర్తుగా అక్కడ ఊతకర్రలు, వాటికి కట్టిన పురికొసలు, చిరిగిన నల్ల పాలిథిన్ సంచులు మాత్రం నేటికీ భద్రంగా ఉన్నాయి.

తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా పోగుచేసి, పని ముగిశాక తిరిగి పరచవలసి ఉండగా, దానిని రాతి వ్యర్థం అడుగున కప్పెట్టారు. సేంద్రియ కర్బనం, నత్రజని నామమాత్రంగా ఉండే ఆ రాళ్లపొడిలో మొక్క ఏమి తిని బతకాలి? వాన పడితే నీరు ఇంకదు సరికదా, నల్లటి బురదను మోసుకొని కింది చెరువులోకి దిగుతుంది. ముందు దిబ్బ వాలు తగ్గించి, చెరువు పూడికమట్టి, పశువుల గెత్తం వేసి, జనుము, జీలుగ, గడ్డి జాతులు పెంచిన తర్వాత కదా కానుగ, వేప నాటవలసింది! మహారాష్ట్రలోని గుంగావ్ మాంగనీసు గని వ్యర్థంపై నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు చక్కెర మిల్లుల ప్రెస్‌మడ్‌ను (చెరకు రసం వడకట్టగా మిగిలే మడ్డిని), నత్రజనిని స్థిరీకరించే సూక్ష్మజీవులను వాడి చెట్లు పెంచి చూపారు. చెరకు పండే మన జిల్లాలో ప్రెస్‌మడ్‌కు అంత కరవు వచ్చిందా?

దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మన కోడూరులోనే మొదలైందని గొప్పగా చెప్పుకొంటాం. పూడ్చే ముచ్చట మాత్రం ఎవరూ ఎత్తరు. తవ్వకం ముగిసిన నేలలో తిరిగి గడ్డి పెంచి, మేతకు, మొక్కలకు, జీవజాలానికి అనువుగా మార్చాలన్న షరతును లీజుదారులపై విధించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. ఆ మాట మన కార్యాలయాల మెట్లు ఎక్కినట్టు లేదు. గనుల శాఖను అడిగితే రెవెన్యూ అంటారు, రెవెన్యూను అడిగితే అటవీ శాఖ అంటారు. ఫొటోకు మాత్రం ముగ్గురూ వస్తారు.

డబ్బు లేదన్న సాకు కూడా చెల్లదు. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి, అంతకుముందే లీజు పొందినవారు రాయల్టీలో 30 శాతం చెల్లించాలి. పర్యావరణ పరిరక్షణ ఆ నిధి ప్రాధాన్యాలలో ఒకటి. అందులో ఈ దిబ్బల మట్టి పనికి ఎంత కేటాయించారో, ఎంత ఖర్చయిందో గనులున్న ప్రతి పంచాయతీ కార్యాలయం గోడపై రాయించాలని కలెక్టరుగారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, చీపురుపల్లి, విజయనగరం జిల్లా