కార్యదర్శి వార్షిక నివేదిక: స్ప్రింగుల పరీక్షా శిబిరం

గౌరవనీయులైన అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం. మన పాత కార్ల సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక, ఈ ఏడాది మనం గర్వించదగిన కార్యక్రమమైన స్ప్రింగుల పరీక్షా శిబిరం గురించే వివరంగా మనవి చేస్తున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లోని తన షెడ్డును, మేస్త్రీలను ఒక రోజంతా మనకు అప్పగించిన సభ్యునికి, తూకపు యంత్రాలు సమకూర్చిన ఉపాధ్యక్షులవారికి, భోజనాలు పెట్టిన కుటుంబాలకు కృతజ్ఞతలు.

ఎంత గట్టి స్ప్రింగు వేస్తే పాత బండికి అంత మేలన్న అపోహ మనలో చాలామందికి ఉంది. శిబిరానికి వచ్చిన ఒక అంబాసిడర్ మార్క్ 2 వెనక కమాన్ కట్టలో (ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగులో), ఎప్పుడో బరువులు మోయడానికి వేయించిన అదనపు పట్టీ అలాగే ఉండిపోయింది. అందువల్ల ఖాళీ బండి వెనక భాగం ఎత్తుగా నిలబడి, దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ మలుపుల్లో వెనక చక్రాలు పట్టు వదిలేవని యజమాని చెప్పారు. మేస్త్రీ ఆ పట్టీని తీసేసి, తుప్పుతో అతుక్కుపోయిన మిగతా పట్టీలను విడదీసి రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసి, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టును కొత్తది వేసి బిగించారు. అంతకుముందు ఇద్దరం నొక్కినా కదలని వెనక బంపరు ఆ తరువాత ఒక్కరి చేతి బరువుకే మెత్తగా దిగి లేచింది.

ఎత్తు తగ్గించడానికని ముందు చక్రాల కాయిల్ (చుట్టలు చుట్టిన తీగ స్ప్రింగు) ఒక చుట్టు కోయించిన ఫియట్ 1100 సంగతి మరీ బాధాకరం. చుట్టు తగ్గితే స్ప్రింగు పొట్టిదవడమే గాక గట్టిపడుతుంది కూడా. నల్లరేగడి కుంగి అలలు తేలిన దివిసీమ రోడ్ల మీద ఆ బండి ప్రతి గుంటలోనూ స్ప్రింగు పూర్తిగా కుంగినప్పుడు దెబ్బను ఆపే రబ్బరు స్టాపులకు కొట్టుకునేది. తీగ మందం 10 మిల్లీమీటర్ల నుంచి 11కు పెరిగితేనే, మిగతా కొలతలు మారకపోయినా, గట్టితనం సుమారు 46 శాతం పెరుగుతుంది కనుక కంటి అంచనాతో కాయిల్ కొనవద్దని కోరుతున్నాను. ఊళ్ళో ఇద్దరితో తిరిగే బండికి కంపెనీ కొలత స్ప్రింగే చాలు. నిత్యం నిండా మనుషులతో, సామానుతో దూరాలు వెళ్ళేవారు మాత్రం బండిని ఆ బరువుతోనే తూచి వెనక పట్టీలు నిర్ణయించుకోవాలి, షాకబ్జార్బర్లను కూడా అందుకు తగ్గట్టు మార్చుకోవాలి.

పేర్లిచ్చిన ఎనిమిది మంది కార్యకర్తలలో ముగ్గురే వచ్చారని చెప్పక తప్పదు. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు కేంద్ర ప్రభుత్వపు 2021 మోటారు వాహన నిబంధనల కింద ప్రత్యేక నమోదు కోసం మనం ఇచ్చిన దరఖాస్తులు సంబంధిత కార్యాలయంలో ఇంకా కదలలేదు.

ఆడిటరు గారు సరిచూసిన జమాఖర్చుల పట్టిక జతపరచడమైనది.

చక్రాల వారీ బరువులు, హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు ఇంకా రాయించని సభ్యులు, సభ ముగిసేలోగా కొలతల పుస్తకంలో నమోదు చేయించగలరు.