రెండు రాత్రులు పోయాయి రా

ఒరేయ్, నీ మైన్‌క్రాఫ్ట్ గేమ్ సర్వర్‌కి బయట నుంచి మనోళ్ళు ఎందుకు రాలేకపోతున్నారో మొన్న ఫోన్లో మాట్లాడుతూ సగంలో ఆపేశాం కదా, మిగతాది రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ఇంట్లో ఫోన్లు, లాప్‌టాప్, టీవీ అన్నిటికీ రౌటరే 192.168 తోనో 10 తోనో మొదలయ్యే అడ్రస్‌లు పంచుతుంది, బయటికెళ్ళేటప్పుడు మాత్రం అన్నీ ఒకటే అడ్రస్‌తో వెళ్తాయి. ఎవరు ఏ పోర్ట్ (ఒక్కో ప్రోగ్రామ్ వాడుకునే తలుపు నంబర్ లాంటిది) నుంచి అడిగారో ఒక పట్టికలో రాసుకుంటుంది కాబట్టి జవాబు రాగానే ఎవరిది వాళ్ళకిచ్చేస్తుంది, నాట్ అంటే ఇదే. మరి ఎవరూ అడక్కుండా బయట నుంచి వచ్చేవాడో? వాడి పేరు పట్టికలో ఉండదు, అందుకే నీ మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కి మనోళ్ళు రాలేకపోతున్నారు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ పట్టికలో మనమే ముందుగా ఒక లైన్ రాసిపెట్టడం, మైన్‌క్రాఫ్ట్ మామూలుగా వాడే 25565 పోర్ట్‌కి ఎవడొచ్చినా ఈ కంప్యూటర్‌కి పంపు అని.

నా సర్వర్‌కి నేనూ అదే రాశా, అయినా ఒక్కడూ లోపలికి రాలేదు. రౌటర్ రీసెట్ చేశా, బయటివాళ్ళని అడ్డుకునే ఫైర్‌వాల్ తీసేశా (నువ్వు చెయ్యకు, ఆ ఒక్క పోర్ట్‌కి పర్మిషన్ ఇస్తే చాలు), రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి చూస్తే వాన్ ఐపీ, అంటే రౌటర్‌కి బయటి వైపు ఉండే అడ్రస్, 100.72 తో మొదలవుతోంది! 100.64 నుంచి 100.127 దాకా ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళు తమ లోపల వాడుకునే అడ్రస్‌లట, అంటే నా నాట్ పైన వాళ్ళది ఇంకో నాట్. నేను ఇంటి తలుపు బార్లా తీసుకుని కూర్చున్నా, వీధి గేటు తాళం వాళ్ళ దగ్గరుంది. వాళ్ళకి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్ళు నేరుగా చేరగలిగే అడ్రస్, అడిగి తీసుకున్నాక ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఒళ్ళు మండింది అనుకో.

అందుకే నువ్వు ముందు వాన్ ఐపీ చూడు. అక్కడ కూడా 192.168 కనిపిస్తే పైన మోడెమ్ కూడా రౌటర్ పని చేస్తోందని, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి ఊరికే దాటించేలా, పెట్టాలి. తర్వాత రౌటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగ్‌లో నీ కంప్యూటర్‌కి ఒకటే అడ్రస్ కట్టెయ్, లేకపోతే ఎప్పుడో అడ్రస్ మారి పట్టికలో రాసిన రూల్ ఇంకెక్కడికో పంపుతుంది. ఇంటి వైఫైలోంచి టెస్ట్ చెయ్యకు, కొన్ని రౌటర్లు లోపల్నుంచి బయటి అడ్రస్‌కి వెళ్ళి తిరిగి రానివ్వవు, మొబైల్ డేటాతో చూడు. రౌటర్‌లో డీఎంజెడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాని జోలికి మాత్రం పోవద్దు, అది పట్టికలో లేనివన్నీ తెచ్చి ఒక్క మెషీన్ నెత్తిన పోస్తుంది.

వాన్ ఐపీలో మొదటి రెండు నంబర్లు చాలు, మెసేజ్ పెట్టు, రాత్రి కూర్చుని చూద్దాం.