రీలీ పాటలు మిగిలాయి, మన పాటల మాటేమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఐర్లండ్‌లోని కిల్డేర్ కౌంటీలో 1945లో పుట్టిన జానపద గాయకుడు, గీత రచయిత క్రిస్టీ మూర్, 1966 నాటి బ్యాంకు సమ్మె సమయంలో గుమాస్తా కొలువు విడిచి ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి జానపద గాన సభలలో పాడుతూ పాటనే వృత్తిగా చేసుకున్నారు. 1972 నాటి ‘ప్రాస్పరస్’ ఆల్బమ్ కోసం కూడిన మిత్రులతోనే ప్లాంక్స్టీ అనే జానపద సంగీత బృందం ఏర్పడింది. నన్ను అన్నిటికన్నా కదిలించింది, సంచార జాతికి చెందిన జాన్ రీలీ అనే నిరుపేద గాయకుని నోటి పాటలను ఆయన లోకానికి వినిపించిన తీరు. రీలీ 1969లోనే కన్నుమూసినా ఆ పాటలు నేటికీ నిలిచి ఉన్నాయి. మా తిరుపతి గంగమ్మ జాతర పాటలు తెలిసిన పెద్దలు మన మధ్య ఉండగానే, వారి పేర్లతో సహా ఆ పాటలను రికార్డు చేయించవలసిందిగా ఇక్కడి విశ్వవిద్యాలయాల వారిని మీ పత్రిక ద్వారా వేడుకొంటున్నాను.

— ఒక పాఠకుడు, తిరుపతి