డీఈవో గారూ, మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టండి

డీఈవో గారికి నమస్కారం. ఆరేళ్లుగా హైస్కూళ్లలో ఆడపిల్లల మీద హింస గురించి క్లాసులు చెప్తున్నాను. దాదాపు ప్రతిచోటా నేను వెళ్లగానే మగపిల్లల్ని గ్రౌండ్‌కి పంపేస్తారు. వెంటపడేది ఎవరండీ? వద్దన్నాక కూడా వెంటపడటం 2013 నుంచే నేరమని, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ అని ఒకచోట చెబితే, పదో తరగతి అబ్బాయి లేచి "సినిమాల్లో హీరో చేసేది అదే కదా మేడమ్" అన్నాడు, వెటకారం కాదు, నిజంగానే అడిగాడు, పీరియడంతా ఆ ప్రశ్న మీదే మాట్లాడుకున్నాం. ఇంకో మాట. క్లాసయ్యాక ఎవరో ఒక పాప ఆగి మెల్లగా తన విషయం చెప్తుంది. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం, అలాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, స్కూలు పరువు పోతుందని పెద్దవాళ్లే ఆపేస్తున్నారు. దయచేసి రెండు విషయాల మీదా ఆర్డర్ ఇవ్వండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి స్కూలు గోడ మీదా రాయించండి.