బాపట్లా, బందరా?

సంపాదకులు గారికి,

సెలవులు దగ్గరపడితే పత్రికల నిండా అరకు, లంబసింగి, ఊటీల ఫొటోలే. కానీ మా గుంటూరులోనూ పక్కనున్న బెజవాడలోనూ రెండు రోజులు తీరిక దొరికిన కుటుంబాల్లో జరిగే వాదన వేరు: బాపట్లా, బందరా? రెండూ ఒక పూటలో చేరుకోగల ఊళ్లు. రెండింటికీ సముద్రం ఉంది. రెండూ కాలేజీల ఊళ్లు. మా బ్రాడీపేట ఇంట్లో ఈ తగాదా ప్రతి దసరాకూ ఉండేదే. అందులో నా పక్షం ఏదో చెబుతాను. ఏ పక్షం నెగ్గినా కారు లేనివారికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది, ఈ లేఖ దాని గురించే.

సముద్రం ఒక్కటే చూడాలంటే బాపట్లకే వెళ్లాలి. సూర్యలంకలో విశాలమైన ఇసుక తీరం ఉంది, ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. బందరు దగ్గరి మంగినపూడిలో నల్లమట్టి, లోతు తక్కువ. మా పిల్లలకు అది నచ్చదు, మా అత్తగారికి అదే నచ్చుతుంది. అయితే సూర్యలంకకు వెళ్లేవారిలో ఎక్కువమంది బాపట్లను చూడరు. నేరుగా అలల దగ్గరకు పోయి, ఇసుక దులుపుకొని ఇంటిదారి పడతారు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు అది. భావనారాయణస్వామి గుడి ఉన్న ఊరు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు. మన ఇళ్లలో రోజూ ఉడికే సాంబమసూరి, అంటే బియ్యం కొట్టులో మనం అడిగే బీపీటీ 5204, 1986లో విడుదలైంది బాపట్ల నుంచే. అన్నం తింటూ ఫోను చూసే పిల్లవాడిని ఆ వరిమళ్ల గట్టు మీద ఒక గంట నడిపిస్తే బాగుంటుందని నాకు ఎప్పటి నుంచో కోరిక. అది కళాశాల ఆవరణ, పరిశోధనలు జరిగే పొలం. ఎవరు పడితే వారు వెళ్లి తిరగడం కుదరదు, కుదరకూడదు కూడా.

రెండు రోజులు ఉండేటట్లయితే నా ఓటు బందరుకే. అక్కడ సముద్రాన్ని పక్కన పెట్టినా రెండు రోజులు చాలవు. 1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ పెట్టిన బడి నుంచి ఎదిగింది నోబుల్ కళాశాల. ఆ రకం చదువు మనకు వద్దు, మన చదువు మనమే చెప్పుకుందామని 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య నిలబెట్టింది జాతీయ కళాశాల. ఆ రెండు ఆలోచనలూ ఒకే ఊళ్లో ఎదురెదురుగా నడిచాయి. పట్టాభి 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిందీ ఇక్కడే. బందరులో డచ్చివారి సమాధుల మీద వంశచిహ్నాలు చెక్కి ఉంటాయి. 1864 ఉప్పెన ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకున్న నేల ఇదే. ఇక చిలకలపూడిలో పాండురంగడి దర్శనం, ఆ వెంటనే రోల్డుగోల్డు గాజుల బేరం. పెడన వెళ్తే చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం కళ్ల ముందే చూడవచ్చు. తొక్కుడు లడ్డు సంగతి నేను చెప్పాలా!

కాలేజీల మాట పదే పదే ఎత్తడానికి కారణం ఉంది. బెజవాడ, గుంటూరు రాష్ట్రం నలుమూలల నుంచీ ఇంటర్ పిల్లలు వచ్చి చదివే నగరాలు. వారిలో చాలామందికి కాలేజీ అంటే ఇనుప గ్రిల్లు వేసిన నాలుగంతస్తుల భవనం, దాని మీద ర్యాంకుల ఫ్లెక్సీ. సెలవు ఇచ్చిన రెండు రోజులకు ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఆ పిల్లలను బ్యారేజీకో భవానీ ద్వీపానికో తిప్పి మళ్లీ హాస్టల్లో దించుతారు. బాపట్లలోనో బందరులోనో చెట్లు, మైదానాలు, పాత గ్రంథాలయాలు ఉన్న కళాశాలలను చూపిస్తే ఆ పిల్లలు ఇంకోరకం చదువును కూడా ఊహించుకోగలుగుతారు. నెలకు ఒక ఆదివారం, ముందుగా పేరు నమోదు చేసుకున్న వారిని, అక్కడి విద్యార్థులే వెంట ఉండి చూపించే ఏర్పాటు చేయాలని కళాశాలల యాజమాన్యాలను కోరుతున్నాను. ఖర్చు పెద్దగా ఉండదు, పొలానికీ హాని జరగదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మనది తూర్పు తీరం. సముద్రంలో నుంచి సూర్యుడు పైకి రావడం చూడాలంటే తెల్లవారుజామున ఐదున్నరకే ఇసుకలో ఉండాలి. కారు ఉన్నవారికి అది తేలిక. బస్సులో వచ్చి ఊళ్లో లాడ్జిలో దిగిన కుటుంబం ఆ వేళకు ఆటోవారు అడిగినంత ఇచ్చుకోవాలి, సాయంత్రం చీకటి పడ్డాక తిరిగి రావడానికీ అంతే. తడిబట్టలు మార్చుకునే చోటు కోసం ఆడవాళ్లు పడే అవస్థ వేరే చెప్పనక్కరలేదు. పైగా ఈ తీరాల్లో ఎవరో మునిగిపోయారన్న వార్త రాని ఏడాది లేదు.

ఇవన్నీ చేతకాని పనులేమీ కావు. కార్తీక పౌర్ణమి సముద్రస్నానాలకు ఇవే తీరాలకు ప్రత్యేక బస్సులు వేస్తారు, గజ ఈతగాళ్లను నిలబెడతారు, బట్టలు మార్చుకునే గదులు కట్టిస్తారు. పౌర్ణమి దాటగానే అన్నీ ఎత్తేస్తారు. అందులో నాలుగో వంతైనా ఆదివారాల్లో, దసరా, సంక్రాంతి సెలవుల్లో ఉంచాలి. ముందుగా బాపట్ల నుంచి సూర్యలంకకు, బందరు నుంచి మంగినపూడికి తెల్లవారుజామున ఐదు గంటలకు ఒక బస్సు, రాత్రి ఏడున్నరకు తిరుగు బస్సు వేయండి. నష్టం వస్తుందంటే టికెట్టు మీద ఐదు రూపాయలు అదనంగా తీసుకోండి, ఆటోకు ఇచ్చేదానితో పోలిస్తే మాకు అదే లాభం.

– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు