రెండు డబ్బాలకు ఒకే అడ్రస్: మోడెమ్, వైర్‌లెస్ రౌటర్ అమరికపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: డీఎస్ఎల్ (ఫోన్ లైను మీద వచ్చే ఇంటర్నెట్) మోడెమ్, వైర్‌లెస్ రౌటర్ అమరికలో 11 రోజుల ఇబ్బంది, పరిష్కరించకుండానే మూడుసార్లు క్లోజ్ చేసిన ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

ముందుగా ఒక మాట. ప్రస్తుతం మా ఇంట్లో ఇంటర్నెట్ పనిచేస్తోంది. "ఇప్పుడు బాగానే ఉంది కదండీ" అని ఈ ఉత్తరాన్ని కూడా క్లోజ్ చేసేస్తారేమోనన్న అనుమానంతో ఈ సంగతి మొదటే రాస్తున్నాను. బాగుచేసింది మీవాళ్ళు కాదు. రాత్రిళ్ళు కూర్చుని, కనిపించిన ప్రతి సెట్టింగ్ పేజీ చదువుకుని, నేనే చేసుకున్నాను. నేను ఉద్యోగరీత్యా కంప్యూటర్ మనిషిని కూడా కాదు.

మీ టెక్నీషియన్ వచ్చి ఫోన్ లైనుకు మోడెమ్ తగిలించాడు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తన ఫోన్లో చూసుకుంటూ తనే టైపు చేశాడు, నా ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి ఏదో ఒక సైటు తెరిచి చూపించి, "వచ్చేసిందండీ" అని వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు, అంతవరకు నిజంగానే వచ్చింది. మూడు రోజుల తర్వాత వైర్‌లెస్ రౌటర్ కొరియర్లో వచ్చింది. అదీ మీరు పంపిందే, మీ ముద్ర ఉన్నదే. లోపల మడత పెట్టిన ఒక కాగితం. మోడెమ్ నుంచి రౌటర్‌కు కేబుల్ పెట్టండి, స్విచ్ వేయండి, వైఫై వాడుకోండి అని మూడు బొమ్మలు. రౌటర్ వెనకాల ఐదు పోర్టులు ఒకే సైజులో ఉంటే మోడెమ్ కేబుల్ ఏ దాంట్లో పెట్టాలో ఆ బొమ్మలో తెలియదు. రంగు వేరుగా ఉన్న వాన్ పోర్టు, అంటే బయటి నెట్ లోపలికి వచ్చే పోర్టు, చూసుకుని అందులో పెట్టాను. ఫోన్లో వైఫై గీతలు నిండుగా వచ్చాయి. వాటి కిందే "ఇంటర్నెట్ లేదు" అని కూడా వచ్చింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే లైను చూసి, "సిగ్నల్ బాగానే ఉంది, రౌటర్ ప్రాబ్లం, ఆ విభాగానికి కలుపుతాను" అన్నారు. రౌటర్ విభాగంవారు "రౌటర్ వెలుగుతోంది కదా సార్, అయితే మోడెమ్ ప్రాబ్లం" అని మళ్ళీ మొదటివారికే కలిపారు. ఆ ఒక్క సాయంత్రమే ఇలా నాలుగుసార్లు తిరిగాను. ఎవరికి వారే యమునా తీరే. మోడెమ్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న మూరెడు కేబుల్ మాత్రం ఏ విభాగం కిందికీ రాదని అర్థమైంది.

అసలు సంగతి ఏమిటంటే, మీ మోడెమ్ అడ్రస్, అంటే నెట్‌వర్కులో దాన్ని గుర్తుపట్టే అంకెల వరస, 192.168.1.1. మీ రౌటర్ అడ్రస్ కూడా 192.168.1.1. ఇంటి నెట్‌వర్కుల కోసం విడిగా పెట్టిన ప్రైవేటు అడ్రసుల్లో 192.168తో మొదలయ్యేవే 65,536 ఉన్నాయి. అన్ని ఉండగా, పక్కపక్కన పెట్టి వాడుకోమని మీరే పంపిన రెండు డబ్బాలకూ ఒకే అడ్రస్ ఇచ్చారు. వాన్ పోర్టు వైపు మోడెమ్ ఇచ్చేదీ 192.168.1 వరసే, లోపల మా ఫోన్లకు రౌటర్ పంచేదీ అదే వరసే. ఏది ఇల్లో ఏది వీధో రౌటర్‌కు ఎలా తెలుస్తుంది? బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే ఎప్పుడూ రౌటర్ పేజీయే తెరుచుకునేది. మోడెమ్ పేజీ రాలేదేమిటని అడిగితే మీ ప్రతినిధి "బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేయండి" అన్నారు. చేశాను. రౌటర్ పేజీయే వచ్చింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో. రెండో రోజు మాట్లాడిన ప్రతినిధి, "మోడెమ్ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి రీసెట్ చేయండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. నొక్కాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పటిదాకా కేబుల్‌తోనైనా వస్తున్న ఇంటర్నెట్ కూడా పోయింది. టెక్నీషియన్ టైపు చేసిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వాటితోపాటు లైనులో డేటా ఏ దారిన వెళ్ళాలో చెప్పే వీపీఐ, వీసీఐ అంకెలు, అన్నీ చెరిగిపోయాయి. ఆ అంకెలు కంపెనీని బట్టి మారతాయి. వినియోగదారుడు ఊహించి వేసుకునేవి కావు. వెంటనే ఫోన్ చేసి ఆ వివరాలు చెప్పమంటే, "సెక్యూరిటీ కారణాల వల్ల ఫోన్లో చెప్పలేం" అన్నారు. సరే, సెక్యూరిటీ మంచిదే. మరి రీసెట్ చేయమని చెప్పేముందు, "అవి మీ దగ్గర రాసి ఉన్నాయా సార్" అని నన్ను ఒక్క ముక్క అడగాలి కదా?

టెక్నీషియన్ మళ్ళీ రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో మూడుసార్లు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఒకసారైతే నేను మీ కస్టమర్ కేర్ లైనులో సంగీతం వింటూ ఉండగానే వచ్చింది. మళ్ళీ తెరవమంటే అది కుదరదట, కొత్త నంబరు ఇస్తారట. కొత్త నంబరుకు పాత కథ తెలియదు. ప్రతిసారీ "మోడెమ్ స్విచ్ ఆపి వేశారా సార్?" నుంచే మొదలు.

టెక్నీషియన్ వచ్చినప్పుడు యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఆ రెండు అంకెలు కాగితం మీద రాసివ్వమని బతిమాలాను. కాస్త తటపటాయించి రాసిచ్చాడు. ఆ కాగితమే నన్ను ఒడ్డున వేసింది. రౌటర్‌ను తప్పించి, కేబుల్‌తో నేరుగా మోడెమ్ పేజీలోకి వెళ్ళి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాను. అంటే మోడెమ్ సిగ్నల్‌ను మార్చి అందించడంతో సరిపెట్టుకుంటుంది, లాగిన్ అయ్యే పని రౌటర్ చేస్తుంది. రౌటర్‌లో పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కంపెనీ నెట్‌వర్కులోకి లాగిన్ అయ్యే పద్ధతి) ఎంచుకుని వివరాలు కొట్టాను. మొదట కొద్దిసేపు లాగిన్ తిరస్కరించింది. పాత కనెక్షన్ మీ సర్వర్‌లో ఇంకా తెరిచి ఉండటం వల్ల అలా జరుగుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు పడిన టెన్షన్ మాత్రం నాకే తెలుసు. ఆ తర్వాత కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోయేవి. రౌటర్‌లో ఎంటీయూ, అంటే ఒక్కో విడతలో పంపగల డేటా ముక్క గరిష్ఠ సైజు, 1500 బైట్లు అని ఉంది. పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి అది 1492 ఉండాలి. మార్చగానే సరిపోయింది.

ఇక ఫోన్ గొడవ. మా పిన్ని లోపలి గదిలోని ఫోన్‌కు కాల్ చేసినప్పుడల్లా నెట్ పోయేది. ఈ మాట మీవాళ్ళకు చెబితే ఒకరు "కాకతాళీయం సార్" అన్నారు, ఇంకొకరు నవ్వారు. ఇందులో నవ్వవలసిందేమీ లేదు. మాటలు సుమారు 4 కిలోహెర్ట్జ్ లోపే నడుస్తాయి, డీఎస్ఎల్ 25 కిలోహెర్ట్జ్ పైన నడుస్తుంది, రెండూ ఒకే రాగి తీగ మీద. ఒకటి ఇంకోదాన్ని చెడగొట్టకుండా ఆ లైను మీద ఉన్న ప్రతి ఫోన్‌కూ ఫిల్టర్ ఉండాలి. మీ పెట్టెలో ఒక్క ఫిల్టరే ఉంది, అది హాల్లో బిగించారు. ఇంట్లో ఇంకా ఫోన్లు ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. మోడెమ్ పేజీలో ఎస్ఎన్ఆర్ మార్జిన్ అనే అంకె (లైనులోని రొదను తట్టుకోవడానికి సిగ్నల్‌కు ఎంత వెసులుబాటు ఉందో చెప్పేది) మామూలుగా 9 డెసిబెల్స్ ఉండేది, లోపల ఫోన్ ఎత్తగానే 3కు పడిపోయేది. సాధారణంగా 6 కంటే తగ్గితే లైను నిలకడగా ఉండదంటారు. రెండో ఫిల్టర్ నేనే కొని పెట్టాక పిన్ని గంటసేపు మాట్లాడినా నెట్ కదల్లేదు. మాట్లాడింది కూడా.

మీ కాగితం మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది. ఫోన్లను కలపడానికి డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే పద్ధతి) వాడమని రాశారు. రౌటర్‌లో దాని పిన్ పద్ధతి ముందే ఆన్ చేసి ఉంది. ఆ ఎనిమిదంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి 11,000 ప్రయత్నాల్లోపు దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. దాన్ని ఆపమనడం అటుంచి, రౌటర్ పేజీకి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చుకోమని కూడా మీ కాగితంలో ఎక్కడా లేదు. ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పడానికి అంత జాగ్రత్త పడిన కంపెనీయేనా ఇది అనిపించింది.

నేను అడిగేవి ఇవి. నెట్ లేని, సగం ఉన్న ఆ 11 రోజుల చార్జీని తర్వాతి బిల్లులో తగ్గించండి. ఫిల్టర్ ఖర్చు తిరిగి ఇవ్వండి, రసీదు నకలు జతచేశాను. నా లాగిన్ వివరాలు, వీపీఐ, వీసీఐ అంకెలు టెక్నీషియన్ చేతిరాత మీద కాకుండా మీ కంపెనీ కాగితం మీద రాతపూర్వకంగా పంపండి. మూడు ఫిర్యాదులనూ ఎవరు, ఏం చేసి, పరిష్కారమైనట్టు రాశారో తెలియజేయండి. ఇకపై పంపే రౌటర్లకు మోడెమ్‌ది కాని అడ్రస్ ఇవ్వండి. అది మీరు ఫ్యాక్టరీలో ఒక అంకె మారిస్తే అయ్యే పని.

ఖాతా వివరాలు, మూడు ఫిర్యాదు నంబర్లు, కాల్స్ తేదీలు జత కాగితంలో ఉన్నాయి. జవాబు ఉత్తరంగా గానీ ఈమెయిల్‌గా గానీ పంపండి. ఫోన్ మాత్రం చేయకండి, మోడెమ్ ఆపి వేశారా అని అడుగుతారు.

ఇట్లు,
మీ వినియోగదారుడు